కొత్త బస్టాండ్ ఎక్కడ పెట్టాలి? అందరూ కూర్చుని లెక్క తేల్చడం ఎలా?

ఒడిశాలోని గుణుపురంలాంటి ఊళ్లో కొత్త బస్టాండ్‌కి స్థలం చూడాలంటే తలా ఒక మాట చెబుతారు. వ్యాపారులు రైల్వే స్టేషన్ పక్కనే కావాలంటారు, ఆఫీసువాళ్లు చవగ్గా వస్తుందని ఊరి బయట చూపిస్తారు. కొండ దిగి గంపలతో సంతకొచ్చే సవర గిరిజన ఆడవాళ్లను మాత్రం ఎవరూ అడగరు. బహుళ ప్రమాణాల మదింపు, అంటే ఖర్చు, దూరంలాంటి చాలా అంశాలకి విడివిడిగా మార్కులు వేసి కలిపి చూడటం, ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. నోట్‌బుక్కు, పెన్ను ఉంటే చాలు.

ముందు, బేరానికి రానివి తీసేయండి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశంతో రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు జరిగాయి. నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వొద్దని పన్నెండూ తేల్చిచెప్పాయి. అలాంటివాటికి మార్కులు వేయకూడదు. శ్మశానం, అటవీ హక్కుల పట్టా భూమి ఉన్న స్థలాన్ని మొదట్లోనే కొట్టేయండి.

తర్వాత ప్రమాణాలు రాయండి, నాలుగైదుకు మించొద్దు. దూరం, నడిచే సమయం రెండూ పెడితే ఒకదాన్నే రెండుసార్లు లెక్కేసినట్టు.

అసలు కీలకం వెయిటేజీ, అంటే మొత్తం వందలో ఏ ప్రమాణానికి ఎంత వాటా ఇవ్వాలన్నది. మార్కులు వేయకముందే దీన్ని తేల్చాలి. గెలిచేదెవరో తెలిశాక వేసే వెయిటేజీని నమ్మలేం. మాట కుదరకపోతే ప్రమాణాల్ని రెండేసి చొప్పున పోల్చి, ఏది ఎంత ముఖ్యమో 1 నుంచి 9 వరకు అంకె వేయండి. గణిత శాస్త్రవేత్త థామస్ సాటీ 1970ల్లో రూపొందించిన పద్ధతి ఇది.

ఇప్పుడు మార్కులు. మూడు స్థలాల ఖర్చు 2, 4, 6 కోట్లనుకుందాం. చవకైనదానికి 100, ఖరీదైనదానికి 0, మధ్యదానికి 50. నడకకీ వరద ముప్పుకీ ఇలాగే వేయండి. నడకకి 40, వరదకి 30, ఖర్చుకి 30 వెయిటేజీ పెట్టారనుకోండి. ఒక్కో మార్కులో అంత శాతం తీసుకుని కూడాలి. స్టేషన్ పక్క స్థలానికి నడకలో 100, వరదలో 50, ఖర్చులో 0 వస్తే మొత్తం 55. ఊరి బయటిదానికి 0, 100, 100 వస్తే మొత్తం 60. ఈ రెంట్లో బయటిదే గెలిచింది.

అక్కడితో ఆగిపోకండి. నడకకి 50, మిగతా రెంటికీ 25 చొప్పున ఇచ్చి మళ్లీ చూడండి. స్టేషన్‌ది 62.5 అవుతుంది, బయటిది 50కి పడిపోతుంది. అంటే గొడవంతా నడకకి ఎంత విలువ ఇవ్వాలన్నదాని మీదే ఉంది. నెత్తిన బరువుతో నడిచేవాళ్లు ఆ మీటింగులో లేకపోతే ఆ అంకె వేసే హక్కు మిగతావాళ్లకి లేదని నా గట్టి అభిప్రాయం. అందుకే మీటింగ్ సంత రోజునే, సంత దగ్గరే పెట్టండి. పట్టికని ఒడియాలో, తెలుగులో రాసి అంటించండి, సవరలో చదివి వినిపించండి.