సీడీ డ్రైవ్ మాయమైందా? పాటల డిస్క్ వెంట దిగిన దొంగ సాఫ్ట్‌వేర్‌ను కనిపెట్టి తీసే పద్ధతి

తిరుపతిలో విండోస్ ఎక్స్‌పీ ఇంకా పోలేదు. గాంధీ రోడ్డు దుకాణాల్లో బిల్లింగ్‌కి, లాడ్జీల కౌంటర్ల వెనక, సంగీతం మాస్టార్ల ఇళ్లలో ఆ పాత డెస్క్‌టాప్‌లు నడుస్తూనే ఉన్నాయి. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ దానికే కుదురుకుంది, పాత లెక్కల సాఫ్ట్‌వేర్ దాంట్లోనే ఉంది, కదిలిస్తే ఏమవుతుందోనని ఎవరూ ముట్టుకోరు. పైగా కొత్త ల్యాప్‌టాప్‌లకు సీడీ డ్రైవే రావడం లేదు. బీరువాలో ఉన్న అన్నమయ్య కీర్తనల సీడీలను పెన్‌డ్రైవ్‌కి ఎక్కించాలంటే ఆ పాత మెషినే దిక్కు. ఆ కట్టలోనే అమెరికా నుంచి అల్లుడో మేనల్లుడో ఎప్పుడో తెచ్చిన ఇంగ్లీషు పాటల డిస్క్ ఒకటి దూరి ఉంటుంది. అది 2005 నాటిదై, సోనీ బీఎంజీ పేరు ఉంటే మాత్రం మెషిన్‌లో పెట్టే ముందు కింద రాసింది చదవండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే ఇంకా జాగ్రత్తగా చదవండి.

లక్షణం: మెషిన్ ఊరికే స్లో అవుతుంది, టాస్క్ మేనేజర్‌లో మాత్రం ఎవరూ దొరకరు

ఏ ప్రోగ్రామూ తెరవకపోయినా హార్డ్ డిస్క్ లైటు ఆగి ఆగి వెలుగుతూ ఉంటుంది. ప్రాసెసర్ ఒకటి రెండు శాతం ఎప్పుడూ ఎవరో వాడుతున్నట్టే ఉంటుంది. లిస్ట్‌లో చూస్తే ఆ పని చేస్తున్నవాడి పేరు ఉండదు. యాంటీవైరస్‌తో స్కాన్ చేస్తే అంతా బాగుందంటుంది.

ఇలా స్లో కావడానికి నూటికి తొంభై సార్లు దుమ్ము, తక్కువ ర్యామ్, పాడవుతున్న హార్డ్ డిస్క్ కారణం. ముందు వాటిని చూసుకోండి. అవన్నీ బాగానే ఉన్నాయంటే ఈ చిన్న పరీక్ష చేయండి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి ఖాళీ టెక్స్ట్ ఫైల్ ఒకటి తయారుచేయండి. దాని పేరు ముందు డాలర్ గుర్తు, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎస్, వై, ఎస్, మళ్లీ డాలర్ గుర్తు వచ్చేలా మార్చండి. అంటే పేరు $ఎస్‌వైఎస్$ అని మొదలవ్వాలి. ఎంటర్ కొట్టగానే ఫైల్ కళ్ల ముందే మాయమైతే దొంగ దొరికినట్టే. 'హిడెన్ ఫైల్స్ చూపించు' అని పెట్టినా అది కనిపించదు. ఫైల్ అక్కడే కూర్చుని ఉంటే మీ మెషిన్‌లో ఫైళ్లను దాచే ఈ ముసుగు లేదు, స్లో అవడానికి కారణం వేరే.

కారణం

సోనీ బీఎంజీ 2005లో తన పాటల డిస్కులు కొన్నింట్లో ఎక్స్‌సీపీ అనే కాపీ రక్షణ సాఫ్ట్‌వేర్ పెట్టింది. తయారుచేసింది ఫస్ట్ 4 ఇంటర్నెట్ అనే బ్రిటన్ కంపెనీ. డిస్క్ పెట్టగానే ఒప్పందం తెర వస్తుంది, 'ఒప్పుకుంటున్నాను' నొక్కితేనే పాటలు వినిపించే ప్లేయర్ దిగుతుంది. మూడు కాపీలకు మించి తీసుకోనివ్వదు. అక్కడితో ఆగితే అది వ్యాపారం అనుకోవచ్చు. కానీ ప్లేయర్‌తోపాటు ఏరీస్ అనే డ్రైవర్ కూడా విండోస్ కడుపులోకి వెళ్లి కూర్చుంటుంది. $ఎస్‌వైఎస్$ అని మొదలయ్యే ఏ ఫైలూ, ఏ ప్రాసెస్సూ, ఏ రిజిస్ట్రీ ఎంట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు రిజిస్ట్రీ) యజమానికి కనబడకుండా చేయడమే దాని పని. ఇలా దాగి ఉండే సాఫ్ట్‌వేర్‌ను రూట్‌కిట్ అంటారు. మామూలుగా ఇది హ్యాకర్లు వాడే సరుకు.

దాని చాటున నడిచే ఇంకో ప్రోగ్రామ్ సర్వీసుల లిస్ట్‌లో 'ప్లగ్ అండ్ ప్లే డివైస్ మేనేజర్' అనే పెద్దమనిషి పేరు పెట్టుకుంటుంది, విండోస్ సొంత సర్వీస్ అనుకుని మనం ముట్టుకోకూడదని. రెండేసి సెకన్లకొకసారి నడుస్తున్న ప్రోగ్రాములన్నింటినీ తడుముతూ ఉండేది ఇదే. డిస్క్ బయటికి తీసేసినా ఈ తడమడం ఆగదు. సేఫ్ మోడ్‌లో కూడా దీని డ్రైవర్లు లోడయ్యేలా రాసుకున్నారు, కాబట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేద్దాం అనే మన పాత చిట్కా ఇక్కడ పనికిరాదు.

దీన్ని బయటపెట్టింది విండోస్ నిపుణుడు మార్క్ రస్సినోవిచ్. తన మెషిన్‌లో రూట్‌కిట్‌ల కోసం తనే రాసుకున్న పరికరం నడిపితే ఇది తగిలింది, 2005 అక్టోబర్ 31న వివరంగా రాశాడు. అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. ముసుగు పేరు చూసి కప్పేస్తుంది గానీ ఫైల్ ఎవరిదని అడగదు కదా. పది రోజులకల్లా తన ఫైల్‌కి అదే పేరు తగిలించుకున్న ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్ వేషంలో వచ్చే దొంగ ప్రోగ్రామ్) దిగింది, పాటల కంపెనీ వేసిన దుప్పటి కింద దొంగ హాయిగా పడుకున్నాడు. భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్స్కీ డీఎన్ఎస్ సర్వర్లను (వెబ్‌సైట్ పేరు చెబితే దాని చిరునామా చెప్పేవి) వెతికితే ఈ సాఫ్ట్‌వేర్ జాడ కనీసం 5,68,200 సర్వర్లలో కనిపించింది. నవంబర్ మధ్యలో సోనీ బీఎంజీ డిస్కులు వెనక్కి పిలిచింది, 21న టెక్సస్ రాష్ట్రం కేసు వేసింది. 2007 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో జరిగిన ఒప్పందంలో, దీన్ని తీయబోయి కంప్యూటర్ పాడుచేసుకున్న వాళ్లకు 150 డాలర్ల దాకా ఇస్తామని ఒప్పుకుంది.

ఆ గొడవ జరుగుతున్నప్పుడు కంపెనీ పెద్ద ఒకాయన, రూట్‌కిట్ అంటేనే చాలామందికి తెలియదు, ఇక పట్టించుకోవడం ఎందుకు అన్న అర్థంలో రేడియోలో మాట్లాడాడు. తెలియదు కాబట్టే కదా సామీ దాచగలిగారు!

పరిష్కారం: వరుస తప్పొద్దు

మొదట మీ ఫైళ్లు బయటికి తీసుకోండి. ఫోటోలు, లెక్కలు, ఎక్సెల్ షీట్లు ఏవైనా సరే, ముందు బ్యాకప్, ఆ తర్వాతే రిపేర్.

రెండోది ముసుగు తీయడం. స్టార్ట్, రన్, సీఎండీ కొట్టి నల్ల తెర తెరవండి. ఎస్‌సీ, ఒక ఖాళీ, డిలీట్, ఒక ఖాళీ, ఆ తర్వాత $ఎస్‌వైఎస్$ఏరీస్ (అంతా ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, చివరి మాట ఏ, ఆర్, ఐ, ఈ, ఎస్) అని కొట్టి ఎంటర్ నొక్కి, మెషిన్ రీస్టార్ట్ చేయండి. ఇందాకటి టెక్స్ట్ ఫైల్ డెస్క్‌టాప్ మీద మళ్లీ ప్రత్యక్షమైతే ముసుగు పోయినట్టు. సిస్టమ్32 ఫోల్డర్‌లో $ఎస్‌వైఎస్$ఫైల్‌సిస్టమ్ అనే ఫోల్డర్ కూడా బయటపడుతుంది.

ఇక్కడే చేతులు కట్టుకోవాలి. కనిపించింది కదా అని ఆ ఫోల్డర్‌ను డిలీట్ కొట్టారంటే కొత్త తలనొప్పి మొదలవుతుంది, దాని గురించి కింద ఉంది. ఇప్పుడు యాంటీవైరస్‌తో ఫుల్ స్కాన్ పెట్టండి. ఇన్నాళ్లూ చాటున దాక్కున్న వేరే పురుగులేవైనా ఉంటే ఇప్పుడు దొరుకుతాయి.

మిగిలినదాన్ని ఏం చేయాలంటే, ఇంట్లో మెషిన్ అయితే ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ వేసుకోమనే చెబుతాను. ఒక పూట పని, మనసుకి నిమ్మళం. దుకాణంలో బిల్లింగ్ మెషిన్‌కి అది కుదరదు. పాత సాఫ్ట్‌వేర్ సీడీ ఉండదు, వేసినవాడు ఊళ్లో ఉండడు. అలాంటప్పుడు ముసుగు తీసి, ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, మిగతాది అలాగే వదిలేయడం మేలు. ఒకటి రెండు శాతం ప్రాసెసర్ పోతే పోయింది, బిల్లు ఆగకూడదు.

'ఎక్స్‌సీపీ రిమూవర్' అని ఇంటర్నెట్‌లో దొరికే ఉచిత ఫైళ్ల జోలికి మాత్రం పోకండి. ఇన్నేళ్ల తర్వాత వాటిని ఎవరు పెట్టారో, లోపల ఏముందో ఎవరికి తెలుసు.

లక్షణం: ఆ ఫోల్డర్ తీసేశాక సీడీ డ్రైవ్ మాయమైంది

"నిన్నటిదాకా బాగానే ఉండింది అన్నా, ట్రే కూడా తెరుచుకుంటాంది, మై కంప్యూటర్‌లో మాత్రం కానరాలా" అంటూ మెషిన్ మోసుకొస్తారు. ట్రే తెరుచుకుంటోందంటే కరెంటు అందుతోంది. బయోస్‌లో (మెషిన్ ఆన్ చేయగానే, విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) డ్రైవ్ పేరు కనిపిస్తోందంటే కేబుల్ కూడా బాగుంది. కొత్త డ్రైవ్ కొనొద్దు, కొనిచ్చినా అదీ కనబడదు.

ఎక్స్‌సీపీ వాడు విండోస్‌కీ సీడీ డ్రైవ్‌కీ మధ్యలో క్రేటర్ అనే ఫిల్టర్ డ్రైవర్‌ను, ఐడీఈ ఛానల్ (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకి కలిపే దారి) మీద కోర్ అనే ఇంకోదాన్ని కూర్చోబెడతాడు. డ్రైవ్ నుంచి వచ్చే ప్రతి బైటూ వాటి గుండానే రావాలి. ఫైల్ తీసేసినా, 'ఈ ఫిల్టర్ గుండా వెళ్లు' అన్న రాత రిజిస్ట్రీలో అలాగే ఉంటుంది. చేదతాడు మధ్యలో కోసేస్తే బొక్కెన బావిలోనే ఉండిపోయినట్టు, డ్రైవ్ ఉన్నా విండోస్‌కి అందదు. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ పక్కన పసుపు గుర్తు ఉంటుంది. డబుల్ క్లిక్ చేస్తే కోడ్ 39, 31, 19 లాంటి నంబర్లలో ఏదో ఒకటి చూపిస్తుంది.

రిజిస్ట్రీని మార్చే రెజెడిట్ ప్రోగ్రామ్ తెరిచి ముందు ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కొట్టి రిజిస్ట్రీ కాపీ దాచుకోండి. తర్వాత లోకల్ మెషిన్ కింద సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, క్లాస్ వరకు వెళ్లండి. అక్కడ పొడుగాటి నంబర్ల పేర్లు చాలా ఉంటాయి. 4డీ36ఈ965 అని మొదలయ్యేది సీడీ డ్రైవ్‌లది. కుడివైపు అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే రెండు విలువలు ఉంటే వాటిని డిలీట్ చేసి రీస్టార్ట్ చేయండి. దాదాపు ఇలాంటి పేరే ఉన్న 'అప్పర్ ఫిల్టర్స్ డాట్ బ్యాక్' జోలికి పోనక్కర్లేదు. ఐట్యూన్స్, సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్లు కూడా ఇదే చోట ఫిల్టర్లు పెట్టుకుంటాయి. అవి ఆ తర్వాత సరిగ్గా పనిచేయకపోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటే సరి.

అక్కడ ఏమీ దొరకలేదా? అయితే కరెంట్ కంట్రోల్ సెట్ కిందే ఎనమ్ అనే శాఖలో క్రేటర్, కోర్ పేర్లతో వెతకాలి. అక్కడి ఎంట్రీలను మార్చే హక్కు అడ్మినిస్ట్రేటర్‌కి కూడా ఉండదు, సిస్టమ్ అనే అంతర్గత ఖాతాకే ఉంటుంది. ఆ ఖాతాతో రెజెడిట్ నడపడానికి పీఎస్‌ఎగ్జెక్ అనే చిన్న ప్రోగ్రామ్ వాడాలి. అది చేతిలో ఉన్నా, ఏది తీయాలో తెలిసినవాళ్లే చేయాల్సిన పని. పొరపాటున పక్క విలువ తీసేస్తే విండోసే లేవకపోవచ్చు.

లక్షణం: పాటలు కాపీ చేస్తే గరగర శబ్దం

ఇంట్లో సీడీ ప్లేయర్ ఉంటే ముందు దాంట్లో వినండి. అక్కడా గరగరే అంటే డిస్క్ మీద గీతలు, బూజు. మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడవండి, గుండ్రంగా రుద్దొద్దు. గుడి వీధుల్లో కొన్న పాత రైటబుల్ సీడీల్లో పూత పోయి ఉంటే తుడిచినా లాభం లేదు.

ప్లేయర్‌లో చక్కగా పాడుతూ మీ మెషిన్‌లోనే గోల వస్తోందంటే అది కావాలని చేసిన గోల. తనకు నచ్చని ప్రోగ్రామ్ డిస్క్ చదువుతుంటే పాట బదులు చెత్త శబ్దం అందించడం ఎక్స్‌సీపీ ఫిల్టర్ పని. మీరు కొన్న డిస్కే కదా, మీ వాడకానికే కదా, వేరే శుభ్రమైన మెషిన్‌లో పెట్టి కాపీ చేసుకోండి. ఆటోరన్ (డిస్క్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ దానంతటదే లేవడం) ఆపేసిన మెషినో, పెన్‌డ్రైవ్ నుంచి నడిపే లినక్సో అయితే ఇది దిగనే దిగదు.

లక్షణం: 'వద్దు' నొక్కినా ఏదో దిగింది

ఇది ఎక్స్‌సీపీ తమ్ముడు మీడియామ్యాక్స్. సన్‌కామ్ అనే కంపెనీది, సోనీ బీఎంజీ మరికొన్ని డిస్కుల్లో దీన్ని వాడింది. ఒప్పందానికి ఒప్పుకోకపోయినా కొన్ని ఫైళ్లు వేసేసి వెళ్తుంది. ఇది ముసుగు వేయదు, కాబట్టి పైన చెప్పిన డాలర్ పరీక్షకు దొరకదు. దీని ఒక వెర్షన్ తన ఫోల్డర్‌కు అందరికీ రాసే హక్కు ఇచ్చేసింది. చిన్న ఖాతాతో లాగిన్ అయినవాడు కూడా అందులో తన ఫైల్ పెట్టి అడ్మినిస్ట్రేటర్ అధికారం సంపాదించొచ్చు. నలుగురు పిల్లలు వాడే మెషిన్ అయితే ఫార్మాటే మార్గం.

లక్షణం: అప్పట్లో కంపెనీ సైట్ నుంచే తీసేశాం, అయినా అనుమానం

ఆ అనుమానం న్యాయమైనదే. మొదట ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలర్ వెబ్ పేజీ నుంచి నడిచేది, కోడ్‌సపోర్ట్ అనే యాక్టివ్‌ఎక్స్ ముక్కను (వెబ్ పేజీ నుంచి విండోస్‌లో దిగే చిన్న ప్రోగ్రామ్) మెషిన్‌లో వదిలేసి వెళ్లేది. ఆ తర్వాత ఏ వెబ్‌సైట్ అయినా దాని ద్వారా మీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ నడిపించొచ్చు. ప్రిన్‌స్టన్ వర్సిటీకి చెందిన ఎడ్ ఫెల్టెన్, అలెక్స్ హాల్డర్‌మన్ దీన్ని వివరించాకే కంపెనీ దాన్ని ఆపింది. విండోస్ ఫోల్డర్‌లోని 'డౌన్‌లోడెడ్ ప్రోగ్రామ్ ఫైల్స్'లో కోడ్‌సపోర్ట్ ఉంటే తీసేయండి.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు షార్ట్‌కట్‌లుగా మారితే

దానికీ దీనికీ సంబంధం లేదు. బస్టాండ్ దగ్గర జిరాక్స్ షాపుల్లో ప్రింట్‌కి ఇచ్చి వచ్చిన పెన్‌డ్రైవ్‌కి ఇది మామూలే. ఇక్కడ ఫైళ్లకు హిడెన్, సిస్టమ్ అనే గుర్తులు మాత్రమే తగిలిస్తారు, 'హిడెన్ ఫైల్స్ చూపించు'తోపాటు సిస్టమ్ ఫైళ్లు దాచే టిక్ కూడా తీసేస్తే బయటపడతాయి. షార్ట్‌కట్‌లను డబుల్ క్లిక్ చేయకుండా, ముందు స్కాన్ చేసి తర్వాత ఫైళ్లు తీసుకోండి.

మళ్లీ రాకుండా

డిస్క్ అట్ట చూడండి. ముందువైపు ఎడమ అంచున 'కంటెంట్ ప్రొటెక్టెడ్' అని, వెనకవైపు గళ్ల పెట్టెలో 'కంపాటిబుల్ విత్' అని ఉంటే, కింద వెబ్ చిరునామాలో ఎక్స్‌సీపీ అనే అక్షరాలున్నాయేమో వెతకండి. ఎక్స్‌సీపీ ఉన్న పాటల డిస్కులు 52 రకాలు. ఆ డిస్క్ మామూలు సీడీ ప్లేయర్‌లో వినడానికి ఏ ఇబ్బందీ లేదు, పారేయక్కర్లేదు.

తప్పనిసరిగా పాత మెషిన్‌లోనే పెట్టాలంటే, డిస్క్ తోసేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని, డ్రైవ్ శబ్దం ఆగేదాకా వదలొద్దు. ఆటోరన్ లేవదు. ఈ చిట్కాను 2003లో బయటపెట్టినందుకు హాల్డర్‌మన్ మీద కోటి డాలర్ల దావా వేస్తామని సన్‌కామ్ బెదిరించి, మళ్లీ వెనక్కి తగ్గింది. షిఫ్ట్ కీ నొక్కమన్నందుకు కోటి డాలర్లు! ఎక్స్‌పీ ప్రొఫెషనల్ అయితే జీపీఎడిట్ అనే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్ కింద 'టర్న్ ఆఫ్ ఆటోప్లే' ఆన్ చేసి శాశ్వతంగా ఆపేయొచ్చు. పిల్లలకు లిమిటెడ్ ఖాతా ఇవ్వండి, అడ్మినిస్ట్రేటర్ హక్కు లేకపోతే ఎక్స్‌సీపీ డ్రైవర్లు దిగలేవు.

64 బిట్ విండోస్ 10, 11 వాడేవాళ్లకు ఈ డిస్కుల టెన్షన్ అక్కర్లేదు, సంతకం లేని పాత 32 బిట్ డ్రైవర్లను అవి లోడ్ చేయవు. అయినా సెట్టింగ్స్‌లో ఆటోప్లే ఆపేసి పెట్టుకోండి, పెన్‌డ్రైవ్‌లకు కూడా పనికొస్తుంది.