మున్సిపాలిటీలో పని పడితే ఎవరిని కలవాలి?

వీధి లైటు వెలగట్లేదని నేరుగా ఛైర్మన్ ఇంటికి వెళ్లేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. అనవసరం. తెలంగాణలో చిన్న పట్టణాలకు 2019 మున్సిపల్ చట్టమే ఆధారం, దాని ప్రకారం ఊరిని వార్డులుగా విడగొడతారు, ఒక్కో వార్డుకు మనం ఒక కౌన్సిలర్‌ని ఎన్నుకుంటాం, ఆ కౌన్సిలర్లు తమలో ఒకరిని ఛైర్‌పర్సన్‌గా ఎన్నుకుంటారు. ఛైర్‌పర్సన్‌కి మనం నేరుగా ఓటు వెయ్యం. పాలకవర్గం గడువు అయిదేళ్లు, అది ముగిసినా ఎన్నికలు జరగకపోతే ప్రత్యేకాధికారి చేతికి వెళ్తుంది.

రోజువారీ పనంతా నడిపేది మాత్రం కమిషనర్. ఆయన ప్రభుత్వ అధికారి, ఓట్లతో సంబంధం లేదు.

కాబట్టి ముందు సెక్షన్ తెలుసుకోండి. చెత్త బండి రాకపోతే శానిటేషన్, నల్లా నీళ్లు, డ్రైనేజీ, రోడ్లయితే ఇంజనీరింగ్, ఇంటి అనుమతికి టౌన్ ప్లానింగ్, ఇంటి పన్నులో పేరు మార్పుకు రెవెన్యూ. ఫిర్యాదు కాగితం మీదే ఇవ్వండి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి (ఇదొక్కటే అందరూ మర్చిపోతారు!). వారం పది రోజులైనా కదలకపోతే అదే కాపీ పట్టుకుని కౌన్సిలర్ దగ్గరికి, ఆ తర్వాత కమిషనర్ దగ్గరికి. అప్పటికీ కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇవ్వండి.