ఇంధనం ధరలు పెరుగుతుంటే తక్కువ తాగే ఫ్యామిలీ ఎస్‌యూవీని ఎలా ఎంచుకోవాలి?

పెట్రోలు, డీజిలు ధరలు పైపైకి పోతుంటే, పెద్ద కారున్న ఇంట్లో నెలనెలా ఖర్చు తడిసి మోపెడవుతుంది. అలాగని చిన్న కారుతో అందరికీ గడవదు. పిల్లల సీట్లు పట్టాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వంగకుండా ఎక్కి దిగాలి, సామాను పెట్టుకోవాలి. అందుకే ఎస్‌యూవీ కావాలనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ చూడటానికి ఒకేలా ఉన్న రెండు ఎస్‌యూవీల మధ్య ఏడాదికి మూడొందల లీటర్ల తేడా ఉండొచ్చు. ఆ తేడాని కొనేముందే పట్టుకోవాలి. కొన్నాక ఎంత జాగ్రత్తగా నడిపినా మిగిలేది కొంచెమే.

1. ముందు మీ తిరుగుడు లెక్క రాసుకోండి

షోరూంకి వెళ్లే ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాయండి. ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు? అందులో ఆగుతూ కదిలే ట్రాఫిక్ ఎంత, హైవే ఎంత? మామూలు రోజున కారులో ఎంతమంది కూర్చుంటారు?

మొదటిదానికి ఊహతో పని లేదు. పాత కారు సర్వీసు బిల్లుల మీద తేదీ, మీటరు రీడింగు ఉంటాయి. రెండు బిల్లులు పక్కపక్కన పెడితే ఏడాదికి ఎంత తిరిగారో తేలిపోతుంది. రెండోది అంచనా అయినా ఫర్వాలేదు గానీ, నిజాయితీగా వేసుకోండి. చాలామందికి హైవే ప్రయాణాలే గుర్తుంటాయి. రోజూ ఆఫీసుకి, స్కూలుకి చేసే చిన్న ట్రిప్పులు గుర్తుండవు. ఇంధనం ఎక్కువగా ఖర్చయ్యేది వాటిలోనే.

మూడో ప్రశ్న దగ్గర చాలా కుటుంబాలు పొరపడతాయి. ఏడాదికి రెండు మూడుసార్లు చుట్టాలొస్తారని ఏడు సీట్ల బండి కొని, మిగతా రోజులన్నీ ఇద్దరు ముగ్గురు అందులో తిరుగుతుంటారు. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం ప్రతి 45 కిలోల అదనపు బరువుకి మైలేజీ సుమారు 1 శాతం తగ్గుతుంది. మూడో వరుస ఉందంటే సీట్ల బరువు ఒక్కటే కాదు, బండి పొడవు, దానికి తగ్గ ఇంజిన్, బ్రేకులు అన్నీ పెరుగుతాయి. అవసరమైన ఆ రెండు రోజులకి పెద్ద బండి అద్దెకు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇంట్లో రోజూ ఆరుగురు ఎక్కే పరిస్థితి ఉంటే మాత్రం ఏడు సీట్లదే కొనండి. రెండు కార్లు తీయడం కంటే అదే నయం.

2. మైలేజీని లీటర్లలోకి మార్చి చూడండి

ఈ ఒక్క పని చేస్తే సగం గందరగోళం పోతుంది. లీటరుకి 8 కిలోమీటర్లు ఇచ్చే బండి నుంచి 10 ఇచ్చే బండికి మారడం ఎక్కువ లాభమా, 16 ఇచ్చేదాని నుంచి 20 ఇచ్చేదానికి మారడమా? వినగానే రెండోదే గొప్పగా అనిపిస్తుంది, అక్కడ నాలుగు కిలోమీటర్లు పెరిగింది కాబట్టి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుని లెక్క కట్టి చూడండి. 8 ఇచ్చే బండికి 1,875 లీటర్లు కావాలి, 10 ఇచ్చేదానికి 1,500. మిగిలింది 375 లీటర్లు. 16 నుంచి 20కి వెళ్తే 938 నుంచి 750కి తగ్గుతుంది. అంటే 188 లీటర్లు, మొదటిదాంట్లో సగం.

కాబట్టి మీ దగ్గర ఇప్పుడున్నది బాగా తాగే బండి అయితే, ఒక మెట్టు మెరుగైనది కొన్నా లాభం పెద్దదే. అన్నిటికంటే ఎక్కువ మైలేజీ ఇచ్చేదే కావాలని అప్పు పెంచుకోవాల్సిన పని లేదు. మీరు చూస్తున్న ప్రతి మోడల్‌కీ ఏడాదికి ఎన్ని లీటర్లో కాగితం మీద రాసుకోండి. ఇక మీదట పోల్చేదంతా ఆ అంకెతోనే.

3. కంపెనీ అంకెలో కొంత కోసుకోండి

బ్రోషర్‌లో ఉండే మైలేజీ ల్యాబ్‌లో రోలర్ల మీద కొలిచింది. అందరికీ ఒకే పరీక్ష కాబట్టి, ఒక మోడల్‌ని ఇంకో మోడల్‌తో పోల్చడానికి అది పనికొస్తుంది. మీ ఇంటి ఖర్చు లెక్కకి నేరుగా పనికిరాదు. యూరప్‌లో 2021లో రిజిస్టరైన కార్ల నుంచి అసలు వాడకం వివరాలు సేకరించి, యూరోపియన్ కమిషన్ 2024లో ఒక నివేదిక ఇచ్చింది. పెట్రోలు, డీజిలు కార్లు డబ్ల్యూఎల్‌టీపీ (యూరప్‌లో వాడే ల్యాబ్ పరీక్ష)లో తేలినదానికంటే రోడ్డు మీద సగటున సుమారు 20 శాతం ఎక్కువ తాగుతున్నాయని అందులో తేలింది.

ఒక పరీక్ష అంకెని ఇంకో పరీక్ష అంకెతో ఎప్పుడూ పోల్చకండి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ ఇచ్చే మైలేజీ రేటింగులో ఏసీ వాడకం, ఎక్కువ వేగం, చలి వాతావరణం కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి అది కాస్త తక్కువగా, నిజానికి దగ్గరగా కనిపిస్తుంది. అదే బండికి ఇంకో దేశంలో పెద్ద అంకె కనిపిస్తే మురిసిపోవద్దు. బండి మారలేదు, పరీక్షే మారింది. పెట్రోలులో ఇథనాల్ ఎంత కలుస్తుందో కూడా చూసుకోండి. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, అందుకే 10 శాతం కలిపితే మైలేజీ 3 శాతం దాకా పడిపోతుంది.

4. ఇంజిన్‌ని మీ రోడ్డుకి తగ్గట్టు ఎంచుకోండి

అసలు నిర్ణయమంతా ఇక్కడే ఉంది, తొందరపడకండి.

ఫుల్ హైబ్రిడ్‌తో మొదలుపెడదాం. ఇందులో ఇంజిన్‌తోపాటు మోటారు, చిన్న బ్యాటరీ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు మామూలు కారులో వేడిగా పోయే శక్తిని ఇది బ్యాటరీలోకి పట్టుకుంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగిపోతుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు మోటారే లాగుతుంది. అందుకే సిటీలో దీనికి పోటీ తక్కువ. కానీ హైవే మీద బ్రేకు పడేదెక్కడ? పడకపోతే వెనక్కి వచ్చే శక్తీ ఉండదు.

2023 మోడల్ హోండా సీఆర్-వీ ఎస్‌యూవీ ఫ్రంట్ వీల్ డ్రైవ్ (ముందు చక్రాలకే శక్తి వెళ్లేది) అంకెలు చూస్తే ఇది స్పష్టంగా కనిపిస్తుంది. ఈపీఏ రేటింగుని లీటరుకి కిలోమీటర్లలోకి మారిస్తే, మామూలు పెట్రోలు బండి సిటీలో లీటరుకి 11.9, హైవేలో 14.5 కిలోమీటర్లు ఇస్తుంది. హైబ్రిడ్ సిటీలో 18.3, హైవేలో 15.3. అంటే ఏడాదికి 15,000 కిలోమీటర్లూ సిటీలోనే తిరిగే కుటుంబానికి హైబ్రిడ్ సుమారు 440 లీటర్లు మిగులుస్తుంది. అంతా హైవే మీదే తిరిగేవాళ్లకు మిగిలేది 60 లీటర్లు కూడా దాటదు. కారు ఒకటే, ఏడాదికి తిరిగే దూరమూ ఒకటే. తేడా అంతా రోడ్డు వల్లే వచ్చింది. మొదటి అడుగులో రాసుకున్న కాగితం ఇందుకే.

మైల్డ్ హైబ్రిడ్ పేరు విని మోసపోవద్దు. అందులో మోటారు ఇంజిన్‌కి చిన్న సాయం మాత్రమే చేస్తుంది, లాభమూ చిన్నదే. సేల్స్‌మన్‌ని ఒక్క ప్రశ్న అడగండి: "ఇంజిన్ ఆగిపోయి, మోటారు మీదే ఈ బండి కదులుతుందా?" కదలదంటే మామూలు పెట్రోలు బండితో సమానంగానే దాన్ని బేరమాడండి.

డీజిలు ఎక్కువగా హైవే తిరిగేవాళ్లకి, బరువు లాగేవాళ్లకి ఇప్పటికీ బాగుంటుంది. లీటరు డీజిలులో పెట్రోలు కంటే 10 శాతానికి పైగా ఎక్కువ శక్తి ఉంటుంది, ఇంజిన్ కూడా దాన్ని బాగా వాడుకుంటుంది. అయితే కొత్త డీజిలు బండ్లలో పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి వేడెక్కి కాసేపు ఆగకుండా పరిగెత్తాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపేసే ఇంట్లో ఆ ఫిల్టర్ మూసుకుపోతుంది. మైలేజీలో మిగిలిందంతా వర్క్‌షాప్‌లో పోయి, చేతి చమురు వదులుతుంది.

చిన్న టర్బో పెట్రోలు ఇంజిన్ (లోపలికి ఎక్కువ గాలి నెట్టి బలం పెంచేది) ఖాళీ బండితో మెల్లగా వెళ్తే బాగానే ఇస్తుంది. పెద్ద ఎస్‌యూవీలో ఐదుగురు, సామాను, ఘాట్ రోడ్డు అనేసరికి టర్బో పూర్తిగా పనిచేయాల్సి వస్తుంది, తాగుడూ పెరుగుతుంది. ఎప్పుడూ నిండుగా తిరిగే కుటుంబమైతే ఇంజిన్ మరీ చిన్నది ఎంచుకోకండి.

ప్లగిన్ హైబ్రిడ్ (ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకునే పెద్ద బ్యాటరీ ఉన్న హైబ్రిడ్) రోజూ చార్జింగ్ పెట్టేవాళ్లకే. యూరోపియన్ కమిషన్ నివేదికలో ఇవి ల్యాబ్ అంకె కంటే సగటున మూడున్నర రెట్లు ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదులుతున్నట్టు తేలింది. చార్జింగ్ పెట్టకుండా తిప్పడం దీనికి ముఖ్య కారణం. చార్జ్ లేకపోతే అంత బరువు బ్యాటరీని పెట్రోలు పోసి మోయడమే. ఇంటి దగ్గరో, ఆఫీసు దగ్గరో ప్లగ్ పాయింట్ ఖాయంగా ఉంటే ఇంకో అడుగు ముందుకేసి పూర్తి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీని కూడా జాబితాలో చేర్చండి. ఖాయంగా లేకపోతే రెండూ పక్కన పెట్టండి. సీఎన్‌జీ దొరికే చోట ఖర్చు తగ్గుతుంది గానీ, సిలిండర్ వల్ల డిక్కీలో ఎంత చోటు మిగిలిందో మీ సూట్‌కేసు తీసుకెళ్లి పెట్టి మరీ చూడండి.

5. ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద చక్రాలు నిజంగా కావాలా?

అదే సీఆర్-వీ హైబ్రిడ్‌లో నాలుగు చక్రాలకీ శక్తి వెళ్లే వెర్షన్ తీసుకుంటే సగటు మైలేజీ 17 నుంచి 15.7కి పడుతుంది. అంటే ఏడాదికి 70 లీటర్లకు పైనే ఎక్కువ తాగుతుంది. మంచు, బురద, రాళ్ల దారుల్లో తరచూ వెళ్లేవాళ్లకి అది ఖర్చు కాదు, భద్రత. తారు రోడ్డు దిగని బండికి అనవసరం.

టాప్ వేరియంట్లలో వచ్చే పెద్ద అలాయ్ వీల్స్ చూడటానికి బాగుంటాయి. బరువూ వెడల్పూ పెరిగి మైలేజీ కొంత తగ్గుతుంది, టైరు మార్చాల్సి వచ్చినప్పుడు ధరా ఎక్కువే. ఒక సైజు తక్కువ చక్రాలున్న వేరియంట్ అడగండి. ఎస్‌యూవీ ఎలాగూ ఎత్తుగా, వెడల్పుగా ఉండి గాలికి అడ్డుపడుతుంది. వేగం గంటకి 100 నుంచి 120 కిలోమీటర్లకి పెరిగితే బండిని వెనక్కి నెట్టే గాలి బలం 44 శాతం పెరుగుతుంది. ఇంకా పైన సామాను పెట్టె బిగించి హైవే వేగంతో వెళ్తే మైలేజీ 10 నుంచి 25 శాతం దాకా పోవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. అందుకే డిక్కీ సరిపోయే బండి చూసుకోండి. పైన క్యారియర్ ఎప్పుడూ ఉంచాల్సిన అవసరమే రాకూడదు.

6. టెస్ట్ డ్రైవ్‌కి ఇంటిల్లిపాదీ వెళ్లండి

ఖాళీ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి ఇచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు. మీరు రోజూ వెళ్లే దారిలో, మీరు వెళ్లే టైముకి, ఏసీ వేసి, ఇంట్లోవాళ్లందరితో నడపండి. బాగా ఎండగా ఉన్నప్పుడు చిన్న ట్రిప్పుల్లో ఏసీ ఒక్కటే మైలేజీని పావు వంతుకు పైగా తగ్గించగలదు, కాబట్టి ఏసీ ఆపి చూసిన అంకెకి విలువ లేదు.

బయలుదేరే ముందు ట్రిప్ మీటరుని, సగటు మైలేజీ రీడింగుని సున్నా చేయండి. స్టీరింగ్ మీదున్న బటన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే చాలా కార్లలో రీసెట్ అవుతుంది, రాకపోతే సేల్స్‌మన్‌నే చేయమనండి. తిరిగొచ్చాక స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఒక్క డ్రైవ్‌తో కచ్చితమైన మైలేజీ తేలదు గానీ, రెండు మూడు మోడళ్లని ఒకే దారిలో ఇలా చూస్తే ఏది ఎక్కువ తాగుతుందో బయటపడుతుంది. హైబ్రిడ్ అయితే ట్రాఫిక్‌లో ఇంజిన్ ఎంతసేపు ఆగి ఉంటోందో చెవి పెట్టి వినండి.

అదే సమయంలో పిల్లల సీటు బిగించి చూడండి, పెద్దవాళ్లని ఎక్కించి దింపండి. ఎంత మైలేజీ ఇచ్చినా, ఇంట్లోవాళ్లు ఎక్కడానికి ఇబ్బంది పడే కారు మీకు పనికిరాదు.

7. అదనపు ధరని లీటర్లలో కొలవండి

హైబ్రిడ్‌కి మామూలు బండి కంటే ఎంత ఎక్కువ అడుగుతున్నారో, ఆ మొత్తాన్ని లీటరు ధరతో భాగించండి. ఉదాహరణకి, అది 2,000 లీటర్ల ధరకి సమానమైందనుకుందాం. పైన చూసిన సీఆర్-వీల్లో సగటు వాడకంలో తేడా ఏడాదికి 294 లీటర్లు. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి దాదాపు ఏడేళ్లు. సిటీలోనే తిరిగేవాళ్లకి నాలుగున్నరేళ్లు. ఇంధనం ధర పావు వంతు పెరిగిందనుకోండి, ఆ 2,000 లీటర్లు 1,600 అవుతాయి, ఏడేళ్లు కాస్తా ఐదున్నరకి దిగుతుంది. మీరు ఆ కారుని అంతకాలం ఉంచుకుంటారా అన్నదే ప్రశ్న. మూడేళ్లకోసారి కారు మార్చే అలవాటుంటే, అమ్మేటప్పుడు హైబ్రిడ్‌కి ఎంత ఎక్కువ పలుకుతోందో పాత కార్ల మార్కెట్లో కనుక్కుని ఆ మొత్తం తీసేసి లెక్క కట్టండి. ఇన్సూరెన్స్, సర్వీసు ఖర్చు, బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు అన్నవి కూడా ఇదే కాగితంలోకి రావాలి.

8. బండి ఇంటికొచ్చాక

డెలివరీ రోజునే డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ చూసి, టైర్లలో గాలి అంతే ఉందో లేదో చెక్ చేయించండి. స్టాక్‌యార్డ్‌లో ఎక్కువకాలం ఉన్న బండ్లలో గాలి అటూ ఇటూగా ఉండొచ్చు. తర్వాత మైలేజీని ఫుల్ ట్యాంక్ పద్ధతిలో కొలవండి: ట్యాంకు నింపి, నాజిల్ దానంతటదే ఆగిన చోట ఆపి, మీటరు సున్నా చేయండి. మళ్లీ నింపేటప్పుడు వీలైతే అదే పంపులో, అలాగే ఆగేదాకా పోయించి, తిరిగిన కిలోమీటర్లని పట్టిన లీటర్లతో భాగించండి. డాష్‌బోర్డ్ చూపించే అంకె తరచుగా దీనికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఒక ట్యాంకుతో తీర్పు ఇవ్వకుండా నాలుగైదు ట్యాంకుల సగటు తీయండి. టెస్ట్ డ్రైవ్‌లో తీసిన ఫొటోకీ దీనికీ మరీ పెద్ద తేడా వస్తే, బిల్లులు, రీడింగులు రాసిన కాగితం పట్టుకుని మొదటి సర్వీసులోనే అడగండి. వారంటీ ఉండగానే బ్రేకులు పట్టేస్తున్నాయా, వీల్ అలైన్‌మెంట్ తప్పిందా అన్నది వాళ్ల చేతే చూపించుకోవచ్చు.