వేరే స్టేట్‌లో బైక్ మీద స్పీడింగ్ టికెట్ పడితే: రైడింగ్ సీజన్‌కి ముందే తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

చలి తగ్గిందంటే చాలు, అట్లాంటా, షార్లెట్, నార్తర్న్ వర్జీనియా వైపు ఉండే మన బైక్ గ్రూపుల్లో డ్రాగన్‌కి ఎప్పుడు వెళ్దాం అన్న మాట మొదలవుతుంది. టేల్ ఆఫ్ ద డ్రాగన్ అంటే నార్త్ కరోలైనా, టెన్నెసీ సరిహద్దులో యూఎస్ 129 మీద 11 మైళ్లలో 318 మలుపులున్నాయని చెప్పుకునే రోడ్డు, స్పీడ్ లిమిట్ గంటకు 30 మైళ్లు. బయల్దేరే ముందు టైర్లు, చైను, రెయిన్ గేర్ అన్నీ చూసుకుంటాం గానీ, దారిలో టికెట్ పడితే సంగతేంటో పడ్డాకే ఆలోచిస్తాం. అప్పుడు ఎక్కువమంది చేసేవి రెండే పనులు. ఇంటికి రాగానే ఆన్‌లైన్‌లో కట్టేసి చేతులు దులుపుకోవడం, లేదా "మన స్టేట్ కాదుగా, ఎవడడుగుతాడులే" అని పక్కన పడేయడం. రెండోది ఎప్పుడూ చేయకండి. మొదటిది కూడా చాలాసార్లు తొందరపాటే.

ఎందుకంటే ఫైన్ కట్టడమంటే మామూలుగా తప్పు ఒప్పుకున్నట్టే లెక్క. ఆ కన్విక్షన్ (తప్పు చేసినట్టు కోర్టు తేల్చడం) వివరాలు డ్రైవర్ లైసెన్స్ కాంపాక్ట్ అనే ఒప్పందం ద్వారా చాలా స్టేట్ల నుంచి మీ హోమ్ స్టేట్‌కి చేరతాయి. అక్కడ ఏమవుతుందన్నది మీ స్టేట్‌ని బట్టి ఉంటుంది. న్యూజెర్సీ లైసెన్స్ ఉంటే బయటి స్టేట్ టికెట్‌కి 2 పాయింట్లు (లైసెన్స్ మీద రాసే తప్పుల లెక్క) వేస్తారు, అదే న్యూయార్క్ వాళ్లయితే వేరే స్టేట్ స్పీడింగ్‌కి పాయింట్లు వేయరు. అది చూసి న్యూయార్క్ మిత్రులు టికెట్‌ని వదిలేయకండి, స్పందించకపోతే వచ్చే చిక్కు వేరు. నాన్‌రెసిడెంట్ వయొలేటర్ కాంపాక్ట్ అని ఇంకో ఒప్పందం ఉంది, దాని ప్రకారం మీరు టికెట్‌కి జవాబివ్వలేదని ఆ స్టేట్ కబురు పెడితే, అది తేల్చుకునేదాకా మీ సొంత స్టేట్ మీ లైసెన్స్‌ని సస్పెండ్ చేస్తుంది. సస్పెండ్ అయిన సంగతి మీకు తెలిసేది తర్వాతెప్పుడో మళ్లీ కాప్ ఆపినప్పుడు కావచ్చు, అప్పుడు అది స్పీడింగ్ కంటే పెద్ద కేసు.

వర్జీనియా గుండా వెళ్తుంటే మరీ జాగ్రత్త. అక్కడ లిమిట్ కంటే 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా, లిమిట్ ఎంతున్నా సరే 85 దాటినా, రెక్‌లెస్ డ్రైవింగ్ కేసు పెట్టొచ్చు. అంటే 70 ఉన్న ఇంటర్‌స్టేట్‌లో 86 చాలు, లీటర్ బైక్ (1000 సీసీ బైక్) మీద ట్రక్కుని ఓవర్‌టేక్ చేసే ఆ నాలుగు సెకన్లలో తెలియకుండానే దాటిపోయే స్పీడ్ అది. ఇది క్లాస్ 1 మిస్‌డిమీనర్, క్రిమినల్ కేసు. చట్టంలో శిక్ష 12 నెలల జైలు, 2,500 డాలర్ల ఫైన్ దాకా ఉంది. అంత వేస్తారని కాదు గానీ, ఇది ఆన్‌లైన్‌లో కట్టేసే రకం కాదు, కోర్టు మెట్లెక్కాల్సిందే, లేదా మీ తరఫున లోకల్ లాయర్ వెళ్లాలి. లాయర్‌ని కేసు పడిన కౌంటీలోనే వెతకండి, ఆ జడ్జి దగ్గర రోజూ నిలబడేవాడికి తెలిసినంత మీ ఊరి పెద్ద లాయర్‌కి తెలియదు. రాడార్ డిటెక్టర్ పెట్టుకుని పోదామనుకుంటే, వర్జీనియాలో అదీ చట్టవిరుద్ధమే.

హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్నవాళ్లకి ఇక్కడే అసలు టెన్షన్. మామూలు స్పీడింగ్ చాలా స్టేట్లలో క్రిమినల్ కాదు, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ వీసా కోసం నింపే డీఎస్-160లో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కన్విక్షన్ ఉందా అని అడుగుతారు. అందుకని టికెట్ మీద మిస్‌డిమీనర్ అని కనిపిస్తే, ఏదైనా ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడండి.

జార్జియాలో తంతు వేరు. రెండు లేన్ల రోడ్డు మీద 75, ఏ రోడ్డు మీదైనా 85 చేరితే సూపర్ స్పీడర్ అని, కోర్టు ఫైన్ కాకుండా స్టేట్‌కి ఇంకో 200 డాలర్లు. ఆ నోటీసు తర్వాత పోస్టులో వస్తుంది. మనవాళ్లు లీజ్ అయిపోగానే అపార్ట్‌మెంట్ మారుస్తారు, లైసెన్స్ మీద అడ్రస్ మాత్రం పాతదే ఉంటుంది. రైడ్‌కి ముందే అది సరిచేసుకోండి.

బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఇంకో లెక్క. 469 మైళ్ల ఆ రోడ్డు నేషనల్ పార్క్ సర్వీస్‌ది, లిమిట్ చాలావరకు 45. అక్కడ రేంజర్ రాసే టికెట్ ఫెడరల్, కౌంటీ కోర్టు వెబ్‌సైట్‌లో ఎంత వెతికినా దొరకదు, ఫెడరల్ టికెట్లు చూసే సెంట్రల్ వయొలేషన్స్ బ్యూరోలో చూడాలి.

ఇక పోలీసు ఆపినప్పుడు. పారిపోవాలన్న ఆలోచన బైక్ మీద ఉన్నవాడికి ఒక క్షణం వస్తుంది, వద్దు, ఫైన్‌తో పోయేది జైలు దాకా వెళ్తుంది. ఇండికేటర్ వేసి, సైడ్ స్టాండ్ దిగబడని గట్టి నేల చూసి ఆపి, ఇంజిన్ ఆపి, చేతులు కనపడేలా ఉంచండి. హెల్మెట్ తీయాలన్నా, ట్యాంక్ బ్యాగ్‌లోంచి కాగితాలు తీయాలన్నా ముందు చెప్పి తీయండి. మోటార్‌సైకిల్ ఎండార్స్‌మెంట్ (లైసెన్స్ మీద బైక్ నడిపే అనుమతి) లేకుండా బైక్ నడుపుతుంటే దానికి ఇంకో టికెట్, కాబట్టి ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. ఎంత స్పీడ్‌లో వస్తున్నావో తెలుసా అంటే మర్యాదగా ఉండండి గానీ నంబర్ మీరే చెప్పేయకండి. ముందున్నవాడు ఇంకా స్పీడ్‌గా పోయాడన్న వాదన పనికిరాదు. టికెట్ మీద సంతకం పెట్టమంటే పెట్టండి, స్పందిస్తానని మాట ఇవ్వడమే అది, నేరం ఒప్పుకోవడం కాదు. కదిలేముందు ఫోటో తీసుకోండి, చెమటకో వానకో కాగితం తడిసిపోతే అందులోని కోర్టు డేట్ కూడా పోతుంది.

స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) మార్చినవాళ్లు స్పీడోమీటర్‌ని జీపీఎస్‌తో పోల్చి చూసుకోండి. కొన్ని బైకుల్లో రీడింగ్ తేడా వస్తుంది.

టికెట్ పడ్డాక డీఎంవీ (లైసెన్స్‌లు ఇచ్చే స్టేట్ ఆఫీసు) పేరుతో "వెంటనే కట్టకపోతే లైసెన్స్ రద్దు" అని లింక్‌తో మెసేజ్ వస్తే నొక్కకండి. 2025లో ఇలాంటి దొంగ మెసేజ్‌లు చాలా స్టేట్లలో తిరిగాయి. టికెట్ మీద ఉన్న కోర్టు పేరుతో మీరే వెబ్‌సైట్‌కి వెళ్లి కేసు నంబర్ కొట్టి చూడండి. కేసు ముగిశాక ఫైనల్ డిస్పొజిషన్ (కేసు ఎలా తేలిందో చెప్పే కాగితం) కాపీ, ముద్ర ఉన్నది, అడిగి తీసుకుని పాస్‌పోర్ట్ కాగితాల దగ్గరే పెట్టండి, గ్రీన్ కార్డ్ అప్పుడో సిటిజన్‌షిప్ అప్పుడో అడిగితే మళ్లీ ఆ కౌంటీ క్లర్క్ చుట్టూ తిరిగే పని ఉండదు.