జీడి బెల్టుకు 1 మిల్లీసెకను టైమర్: లైనక్స్ స్లీప్ గురి తప్పకుండా

జీడిపప్పు ఏరే బెల్టు సెకనుకు 2 మీటర్లు నడుస్తోంది అనుకోండి. కెమెరా మచ్చపప్పును పట్టేసింది. అది గాలి నాజిల్ ముందుకొచ్చే క్షణానికి వాల్వు తెరవాలి. ఇక్కడ 1 మిల్లీసెకను తేడా అంటే 2 మిల్లీమీటర్లు. 4 అయితే 8 మిల్లీమీటర్లు: గాలి మచ్చపప్పు అంచుకు తగిలీ తగలక, వెనకొచ్చే మంచి గుండును (విరగని పప్పును) లేపేస్తుంది. పలాసలో పాత మినీ పీసీ మీద లైనక్స్ వేసి సార్టర్ (పప్పు ఏరే యంత్రం) కట్టుకునేవాళ్లు కెమెరా కంటే ముందు చూసుకోవాల్సింది ఇదే.

ప్రోగ్రామును కాసేపు పడుకోబెట్టే స్లీప్ ఇచ్చే హామీ ఒక్కటే: మధ్యలో సిగ్నల్ వస్తే తప్ప, అడిగిన టైముకు ముందు లేపదు. తర్వాత ఎంతసేపటికి లేపుతుందన్నది మన సెట్టింగుల్లో ఉంది.

రూటుగా (అడ్మిన్ హక్కులతో), ప్రోక్ ఫోల్డరు కింద ఉన్న టైమర్_లిస్ట్ ఫైలు తెరవండి. హెచ్‌రెస్_యాక్టివ్ ఎదురుగా 1 ఉండాలి, అంటే సన్నటి టైము లెక్క (హై రిజల్యూషన్ మోడ్) నడుస్తోందని. ఈ మోడ్ 2007లో కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) 2.6.21తోనే వచ్చింది కాబట్టి సాధారణంగా ఉంటుంది. 0 ఉందంటే బూట్ లైన్లో హైరెస్‌ను ఆఫ్ చేశారేమో, క్లాక్‌సోర్స్ (కెర్నెల్ టైము చదివే గడియారం) పనికిరానిదేమో చూడండి. అప్పుడు లెక్కంతా టిక్కుల మీదే; హెచ్‌జెడ్ (సెకనుకు టిక్కుల సంఖ్య) 250 అయితే టిక్కు 4 మిల్లీసెకన్లు, 1 అడిగితే 5 దాకా పోవచ్చు. ప్రస్తుత క్లాక్‌సోర్స్ టీఎస్‌సీ (సీపీయూ లోపలి కౌంటరు) అయితే మేలు. దాన్ని నమ్మలేక కెర్నెల్ హెచ్‌పెట్‌కు (సీపీయూ బయటి టైమర్ చిప్పుకు) మారితే టైము చదవడమే బరువవుతుంది.

అసలు తప్పు మాత్రం ఎక్కువసార్లు లూపులోనే ఉంటుంది. పని చేసి, 1 మిల్లీసెకను పడుకుని, మళ్లీ పని. పనికి 100 మైక్రోసెకన్లు, మెలకువ ఆలస్యం 60 అనుకుంటే, 1000 చుట్లు తిరిగేసరికి 160 మిల్లీసెకన్లు వెనకబడతాం. బెల్టు మీద అది 32 సెంటీమీటర్లు! అందుకే క్లాక్_నానోస్లీప్‌ను టైమర్_యాబ్స్‌టైమ్‌తో పిలవండి, అంటే ఎంతసేపు అని కాక ఏ క్షణానికి లేపాలో చెప్పండి. మొదట ఒక్కసారే టైము చదివి, చుట్టుకు 10,00,000 నానోసెకన్లు కలుపుతూ పోండి. నానోసెకన్ల గడి 100 కోట్లకు చేరితే అంత తీసేసి సెకను పెంచాలి. ఇది మరిస్తే కాల్ ఈఇన్‌వాల్ (తప్పు విలువ) ఎర్రర్‌తో వెంటనే తిరిగొస్తుంది, లూపు సీపీయూను నమిలేస్తుంది. ఎర్రర్ మామూలుగా చూసే ఎర్ర్‌నో వేరియబుల్‌లో రాదు, రిటర్న్ విలువగానే వస్తుంది. సిగ్నల్ మధ్యలో లేపి ఈఇంటర్ వస్తే అదే టైముతో మళ్లీ పిలవండి, చాలు.

క్లాక్ మోనోటోనిక్కే (తారీఖుతో పనిలేకుండా ముందుకే నడిచేది) పెట్టండి. సీమాస్ బ్యాటరీ (తారీఖు నిలిపే చిన్న బ్యాటరీ) అయిపోయిన పెట్టెలో కరెంటు పోయి వచ్చాక తారీఖు వెనక్కి వెళ్తుంది. నెట్ తగలగానే ఒక్క గెంతు గెంతుతుంది. రియల్‌టైమ్ క్లాక్ వాడితే మీ టైమరూ దాంతోపాటే గెంతుతుంది.

మామూలు త్రెడ్డుకు కెర్నెల్ 50 మైక్రోసెకన్ల స్లాక్ (ఆలస్యానికి వెసులుబాటు) ఇస్తుంది, మెలకువలను ఒకచోట కలిపి కరెంటు ఆదా చేయడానికి. పీఆర్‌సీటీఎల్ కాల్‌తో తగ్గించేటప్పుడు 0 ఇవ్వకండి, అది మళ్లీ డిఫాల్ట్‌కే పోతుంది; 1 ఇవ్వండి. షెడ్_ఫైఫోకు (మామూలు పనులకంటే ముందు నడిపే రియల్‌టైమ్ పద్ధతికి) మారితే స్లాక్ గొడవే లేదు. ప్రయారిటీ 80 చాలు, 99 జోలికి పోవద్దు. ప్రోగ్రాము మెమరీని ర్యామ్‌లోనే ఉంచే ఎంలాక్‌ఆల్ కూడా పిలిస్తే పేజీ ఫాల్ట్ (మెమరీ కోసం ఆగడం) మధ్యలో అడ్డుపడదు. ఫైఫోలో ఖాళీ లూపు తిప్పితే, డిఫాల్ట్ సెట్టింగులో సెకనుకు 950 మిల్లీసెకన్ల దగ్గర కెర్నెల్ ఆపేయగలదు.

ఇంకా అప్పుడప్పుడూ వందల మైక్రోసెకన్లు పోతుంటే ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు ఆదాకు సీపీయూ పోయే గాఢనిద్ర కారణం కావచ్చు. డెవ్ ఫోల్డరు కింద సీపీయూ_డీఎంఏ_లేటెన్సీ ఫైలు తెరిచి 32 బిట్ల 0 రాసి, ఫైలు తెరిచే ఉంచండి, మూస్తే పోయింది. పెట్టె వేడెక్కుతుంది, రేకుల షెడ్డులో ఫ్యాను తప్పదు.

వాల్వు తెరుచుకునే ఆలస్యం ప్రతిసారీ ఒకేలా ఉంటే దాన్ని ముందే తీసేయొచ్చు. మారుతూ ఉండేదే కొలవాలి. బెల్టు, కెమెరా అన్నీ నడుస్తుండగా మెలకువ ఆలస్యం కొలిచే సైక్లిక్‌టెస్ట్‌ను ప్రయారిటీ 80, ఇంటర్వెల్ 1000 మైక్రోసెకన్లతో గంటైనా తిప్పండి. యావరేజ్ వదిలేసి మ్యాక్స్ చూడండి: 200 మైక్రోసెకన్లంటే 0.4 మిల్లీమీటరు, ఈ పనికి ఫర్వాలేదు. అన్నీ సరిచేసినా మ్యాక్స్ ఎగురుతుంటే హార్డ్‌వేర్ వల్ల వచ్చే ఆలస్యాలను పట్టే హెచ్‌డబ్ల్యూలాట్‌డిటెక్ట్ వేయండి. అందులోనూ కనిపిస్తే బయోస్ చాటుగా సీపీయూను లాక్కుంటోందని అనుమానించాలి. బయోస్ అప్‌డేట్‌తో తగ్గకపోతే పెట్టె మార్చాల్సిందే.