మంచం పట్టినవారికి పడక పుండు పడకుండా చూసుకోవడం ఎలా?

తిరుపతి రుయా ఆసుపత్రిలోనో స్విమ్స్ ఆసుపత్రిలోనో చికిత్స అయ్యి, పక్షవాతంతో మనిషి ఇంటికొచ్చాక మొదట భయపడాల్సింది పడక పుండుకే. ఎముకకూ పరుపుకూ మధ్య కండ నలిగితే రక్తం ఆడదు, ఆ కండ లోపల్లోపలే చచ్చి పుండవుతుంది.

రెండు గంటలకోసారి మనిషిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చండి, రాత్రి కూడా. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడుతుంది. వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. పిక్కల కింద మడిచిన దుప్పటి పెట్టండి, మడమల కింద మీ అరచెయ్యి దూరాలి. మనిషిని ఈడ్చకండి, ఇద్దరు కలిసి దుప్పటితో ఎత్తి జరపండి.

రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుము కింద, మడమలు, మోచేతులు చూడండి. ఎర్రబడ్డ చోట వేలితో 3 సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. నల్లటి ఒంటి మీద ఎరుపు కనబడదు, వేడీ గట్టిదనమూ తడిమి తెలుసుకోవాలి. అక్కడ నూనె రాసి రుద్దడం మన ఇళ్లలో అలవాటు. దయచేసి వద్దు, కండ ఇంకా చితుకుతుంది. ఆ చోట బరువు పడకుండా చేసి, అదే రోజు నర్సుకు చూపించండి.

గాలి పరుపు కొన్నా తిప్పడం మానకూడదు. మధ్యలో చిల్లున్న రింగు దిండు వాడొద్దు. తిరుపతి ఎండలకు చెమట పట్టిన పక్కబట్ట వెంటనే మార్చండి. ఒట్టి సంగటి చాలదు, పప్పు, గుడ్డు ఉండాలి. కిడ్నీ జబ్బుంటే అవి ఎంత పెట్టాలో డాక్టరును అడగండి.