తాడుతో కారు లాగేటప్పుడు కుదుపులు రాకుండా

ఆగిపోయిన కారును తాడు కట్టి లాగితే అసలు తలనొప్పి కుదుపులే, తాడు వదులవడం, మళ్లీ టప్పున బిగుసుకోవడం. మొన్న మా బావ కారు పాకాల దాటాక మొరాయిస్తే చంద్రగిరి మెకానిక్ దాకా ఇలాగే తెచ్చాం, ఒక్క కుదుపు లేదు.

డిక్కీలో జాకీ పక్కన ఉండే కొక్కేన్ని బంపర్ మీది చిన్న మూత తీసి బిగించండి, చేత్తో తిప్పి వదిలేయకుండా వీల్ స్పానర్ దూర్చి గట్టిగా. తాడు 4–5 మీటర్లు చాలు, మధ్యలో ఎర్ర తువ్వాలు కడితే బైకుల వాళ్లు మధ్యలో దూరరు (కట్టకపోతే దూరతారు, నమ్మండి). వెనక కారు న్యూట్రల్‌లో, తాళం ఆన్‌లో ఉండాలి, లేకపోతే స్టీరింగ్ లాక్ అయిపోతుంది. ముందు బండి 20 దాటకూడదు. కిటుకేమిటంటే, తాడు వదులవుతుంటే వెనకాయన బ్రేకు కాస్త ఆనించి దాన్ని బిగుతుగానే ఉంచాలి. ఇంజిన్ ఆగి ఉంటుంది కాబట్టి బ్రేకు రాయిలా ఉంటుంది, బలంగా తొక్కాలి.

భాకరాపేట ఘాట్ లాంటి దిగుడులోనూ, ఆటోమేటిక్ కార్లకూ మాత్రం ఇది వద్దు, క్రేన్ బండినే పిలవండి.